బండి తోలేవాడి ప్రాణం : కామూ 'న్యాయవంతులు' నాటకంపై పునరాలోచన

1

పాలకుడు ప్రజాకంటకుడైనప్పుడు అతన్ని చంపడం న్యాయమేనా? ఈ ప్రశ్న సాహిత్యానికి కొత్తది కాదు. షేక్స్‌పియర్ బ్రూటస్ చేతికి కత్తి ఇచ్చిన నాటి నుంచి ఎందరో రచయితలు దీనితో పెనుగులాడారు. మన కాలానికి దగ్గరగా, అన్నిటికంటె సూటిగా ఈ ప్రశ్నను రంగస్థలం మీద నిలబెట్టిన నాటకం ఫ్రెంచి రచయిత కామూ రాసిన 'లే జూస్త్'. తెలుగులో 'న్యాయవంతులు' అనుకోవచ్చు. 1949 డిసెంబరులో పారిస్‌లో దీన్ని మొదటిసారి ఆడారు.

ఈ నాటకాన్ని నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి విద్యార్థి దశలో. కామూ అంటే వ్యక్తివాది, ఉద్యమాలకు ఎడంగా నిలబడినవాడు అన్న ముద్ర అప్పటికే మా మనసుల్లో పడి ఉంది. నాటకం పూర్తిచేసి, 'వ్యక్తిగత హింసావాదానికి భావవాద సమర్థన' అని చివరి పేజీలో పెన్సిలుతో రాసి పక్కన పెట్టాను. విమర్శ అంతటితో అయిపోయిందనుకున్నాను.

రెండవసారి చదివించింది ఒక విద్యార్థిని. కొన్నేళ్ల కిందట ఒక కాలేజీలో సాహిత్య సభకు పిలిస్తే వెళ్లి ఈ నాటకం గురించి మాట్లాడాను. బాంబు చేతిలో పట్టుకొని కూడా బండిలో పిల్లలున్నారని ఆగిపోయిన కల్యాయెవ్ కథ చెప్పాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు. ప్రశ్నల వేళ ఒక అమ్మాయి లేచి, "ఆ బండి తోలినాయన ఏమయ్యాడు సార్?" అని అడిగింది. నాకు జవాబు తెలియదు. ప్రజా ఉద్యమానికి వ్యక్తిగత హింస ప్రత్యామ్నాయం కాలేదనీ, మన అభ్యంతరం అక్కడే ఉందనీ ఏదో సర్దిచెప్పాను. "అది పద్ధతి గురించి సార్. నేనడిగింది మనిషి గురించి. మా నాన్న జీపు డ్రైవరు" అని కూర్చుంది.

ఇంటికి వచ్చాక నాటకాన్ని, దానికి ఆధారమైన చరిత్రను మళ్లీ తిరగేశాను. ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఆలస్యంగా చెబుతున్న సమాధానం.

2

ముందు చరిత్ర. గ్రాండ్ డ్యూక్ సెర్గేయ్ అలెగ్జాండ్రోవిచ్ రష్యా చక్రవర్తి రెండవ నికొలస్‌కు పినతండ్రి. 1891 నుంచి మాస్కో గవర్నరు జనరల్. అతను వచ్చిన ఏడాదే మాస్కో నుంచి యూదుల్ని వెళ్లగొట్టడం మొదలైంది. దాదాపు ఇరవై వేల మంది ఇల్లూవాకిలీ వదిలి పోవలసి వచ్చింది. 1896లో నికొలస్ పట్టాభిషేక ఉత్సవాల సందర్భంగా ఖోదింకా మైదానంలో కానుకల కోసం వచ్చిన జనం తొక్కిసలాటలో చనిపోయారు. సర్కారు లెక్కల ప్రకారమే 1,389 మంది. ఆ ఏర్పాట్లకు బాధ్యుడైన సెర్గేయ్‌కు శిక్ష ఏమీ పడలేదు. 1905 మొదట్లో అతను గవర్నరు పదవి వదిలాడు గాని మాస్కో సైనిక మండలానికి అధిపతిగానే ఉన్నాడు. అదే నెలలో రాజధాని వీధుల్లో, అర్జీ పట్టుకొని వచ్చిన కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపింది. అతను ఎవరి పక్షాన ఉన్నాడో, ఏం చేశాడో ఎవరికీ సందేహం లేని రోజులవి.

అతన్ని చంపాలని తీర్మానించింది సోషలిస్టు రివల్యూషనరీ పార్టీకి చెందిన రహస్య పోరాట దళం. బాంబు వేయడానికి ఎన్నికైనవాడు ఇవాన్ కల్యాయెవ్. వార్సాలో పుట్టాడు. తండ్రి పోలీసు శాఖలో పనిచేసినవాడు. కల్యాయెవ్‌కు కవిత్వం పిచ్చి. దళంలో అతనికి 'కవి' అనే పేరుండేది. ఈ వ్యాసం చదువుతున్న కవి మిత్రులకు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుచేస్తున్నాను.

అప్పటి రష్యా పంచాంగం ప్రకారం 1905 ఫిబ్రవరి 2 రాత్రి సెర్గేయ్ బండి థియేటరుకు బయలుదేరింది. కల్యాయెవ్ దానికి ఎదురువెళ్లాడు. చేయి ఎత్తాడు. లోపల సెర్గేయ్ భార్య ఎలిజబెత్, అతని తమ్ముడి ఇద్దరు పిల్లలు కనిపించారు. ఎత్తిన చేయి దించేశాడు. రెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 4 మధ్యాహ్నం, క్రెమ్లిన్ లోపల సెర్గేయ్ ఒక్కడే బండిలో వస్తుండగా నాలుగడుగుల దూరం నుంచి బాంబు విసిరాడు. సెర్గేయ్ అక్కడికక్కడే ముక్కలైపోయాడు. కల్యాయెవ్ పారిపోలేదు, పట్టుబడ్డాడు. ఎలిజబెత్ జైలుకు వెళ్లి అతన్ని చూసింది. క్షమాభిక్ష కోరడానికి అతను ఒప్పుకోలేదు. మే నెలలో ష్లుస్సెల్‌బర్గ్ కోటలో ఉరితీశారు. వయసు ఇరవై ఏడు.

'సెర్గేయ్ ఒక్కడే' అని ఇప్పుడే రాశాను. సభలో కూడా అలాగే చెప్పాను. ఎన్నో పుస్తకాలు అలాగే చెబుతాయి. కాని గుర్రాలు వాటంతట అవి నడవవు. బండి ముందు పీట మీద ఆంద్రేయ్ రుదిన్‌కిన్ అనే మనిషి కూర్చొని ఉన్నాడు. బాంబు అతన్ని కూడా కొట్టింది. కొన్ని రోజులు ఆసుపత్రిలో బాధపడి చనిపోయాడు. అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇదీ. సెర్గేయ్ విధవ ఆసుపత్రికి వెళ్లి అతన్ని చూసిందనీ, యజమాని ఎలా ఉన్నారని అడిగితే ఆయనే నన్ను నీ దగ్గరికి పంపారని ధైర్యం చెప్పిందనీ ఆమె జీవిత చరిత్రలు చెబుతాయి. రాజభక్తుల రాతల్లో అతని పేరు నిలిచింది. విప్లవాన్ని ప్రేమించిన మన రాతల్లో నిలవలేదు. ఇది సిగ్గుపడవలసిన సంగతి.

3

కామూ ఈ కథను దళ సభ్యుడు సావిన్కొవ్ జ్ఞాపకాల నుంచి తీసుకున్నాడు. నాటకం అయిదంకాలు. రెండవ అంకం దానికి గుండెకాయ. పిల్లల్ని చూసి బాంబు వేయకుండా తిరిగి వచ్చిన కల్యాయెవ్ మిత్రుల ముందు నిలబడతాడు. స్తెపాన్ అనే సభ్యుడు మండిపడతాడు. రష్యాలో ఏటా ఆకలితో చచ్చే వేలాది పిల్లల ముందు ఈ ఇద్దరు పిల్లలు ఎంత అన్నది అతని వాదం. బాంబులు తయారుచేసే దోరా అతనికి అడ్డుపడుతుంది. పసిపిల్లల్ని చంపడానికి సిద్ధపడిన రోజున జనమే మనల్ని అసహ్యించుకుంటారని ఆమె అభిప్రాయం. చివరకు మిత్రులందరూ కల్యాయెవ్ పక్షం వహిస్తారు.

ఈ అంకం గొప్పదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఏ పోరాటానికైనా ఒక హద్దు ఉంటుందనీ, ఆ హద్దు దాటితే మనం ఎవరితో పోరాడుతున్నామో వాళ్లలాగే తయారవుతామనీ కామూ చెప్పిన దాంట్లో అభ్యుదయ రచయిత కాదనవలసింది ఏమీ లేదు. స్తెపాన్‌ను విప్లవకారుడిగా, కల్యాయెవ్‌ను పిరికివాడిగా చూసే పాఠకుడుంటే అతను సాహిత్యాన్ని గాని విప్లవాన్ని గాని అర్థం చేసుకోలేదని అంటాను.

కామూ అక్కడితో ఆగడు. చంపడం తప్పు అని కల్యాయెవ్‌కు తెలుసు. చంపక తప్పదనీ తెలుసు. ఈ రెంటి మధ్య అతను కనిపెట్టుకున్న దారి తన ప్రాణం ఇచ్చివేయడం. ప్రాణానికి ప్రాణం చెల్లు. అందుకే క్షమాభిక్ష వద్దంటాడు. ఉరి పడకపోతే తను వట్టి హంతకుడిగా మిగిలిపోతానని భయపడతాడు. నాటకం చివర అతని మరణవార్త విని, తరువాతి బాంబు తానే వేస్తానని దోరా పట్టుబడుతుంది. 1951లో వచ్చిన 'తిరుగుబాటుదారు' అన్న గ్రంథంలో కామూ ఇదే భావాన్ని సిద్ధాంతంగా చెప్పాడు. చంపినందుకు తన ప్రాణంతో మూల్యం చెల్లించేవాడు, తను చావకుండా ఇతరుల్ని చంపించే వాడికంటె నైతికంగా ఎంతో ఎత్తున ఉంటాడన్నది దాని సారం.

ఇప్పుడు లెక్క వేద్దాం. సెర్గేయ్ ప్రాణానికి కల్యాయెవ్ ప్రాణం చెల్లు. మరి రుదిన్‌కిన్ ప్రాణానికి ఎవరిది చెల్లు? ఒక మెడకు రెండు ఉరితాళ్లు పడవు. న్యాయవంతుల త్రాసులో రెండే పళ్లాలున్నాయి. మూడవవాడిని పెట్టడానికి చోటు లేదు.

ఇంకొక సంగతి చూడాలి. ఫిబ్రవరి 2 రాత్రి కూడా బండి తోలేవాడు ఉన్నాడు. రాజవంశపు పిల్లల్ని చూసి ఆగిన చేయి బండివాణ్ణి చూసి ఆగలేదు. ఆ రాత్రి పిల్లలు లేకపోతే బాంబు పడేదే, బండివాడున్నా సరే. రెండవ అంకంలో అంత తీవ్రంగా సాగిన నైతిక చర్చ మొత్తం పిల్లల చుట్టూ తిరుగుతుంది. బండివాడి ప్రాణం గురించి అక్కడ వాదన లేదు. అసలు అది వాదించవలసిన విషయంగానే ఎవరికీ తోచలేదు. రైతుల కోసం ప్రాణాలిస్తామన్న వాళ్లకు రైతు ఇంట పుట్టినవాడిలాంటి ఈ మనిషి కంటికి ఆనలేదు. బండికి చక్రం ఎలాగో అతనూ అలాగే. ఈ చూపు ఎవరిది? బండి లోపల కూర్చున్నవాడు బండివాణ్ణి చూసే చూపు ఇదే కదా! బాంబు వేసినవాడు కూడా ఆ ఒక్క విషయంలో యజమాని కళ్లతోనే చూశాడు. కల్యాయెవ్‌ది చెడ్డ మనసు అని నేననడం లేదు. అతనిది అరుదైన సున్నిత హృదయం. అంత సున్నితమైన హృదయానికి కూడా వర్గ సమాజం ఒక గుడ్డి చుక్క పెట్టి పంపిందంటున్నాను.

4

నాలుగవ అంకంలో ఫోకా అనే ఖైదీ వస్తాడు. నాటకం మొత్తంలో శ్రమజీవుల లోకం నుంచి వచ్చిన ముఖ్య పాత్ర ఇతనొక్కడే. తాగిన మైకంలో ముగ్గురిని గొడ్డలితో నరికి శిక్ష అనుభవిస్తున్నాడు. జైల్లో తలారి పని కూడా అతనిదే. ఒక్కొక్క ఉరికి ఒక్కొక్క ఏడాది శిక్ష తగ్గుతుంది. ప్రజల కోసం చావబోతున్న కవినీ, అతన్ని ఉరితీయబోతున్న ప్రజల మనిషినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం కామూ నాటక ప్రతిభకు నిదర్శనం. కాని ప్రజల నుంచి ఒక్కణ్ణి ఎంచుకోవలసి వస్తే తాగుబోతు తలారినే ఎందుకు ఎంచుకున్నాడు? రుదిన్‌కిన్ ఉన్నాడుగా! ఆసుపత్రి మంచం మీద ఆ బండివాడితో కల్యాయెవ్‌ను ఒక్కసారి ముఖాముఖి నిలబెట్టి ఉంటే నాటకం ఎటు పోయేదో ఊహించుకోవచ్చు. పోలీసు అధికారి వచ్చి వాదిస్తాడు, డ్యూక్ భార్య వచ్చి వాదిస్తుంది, ఇద్దరికీ కల్యాయెవ్ దగ్గర జవాబుంది. బండివాడి భార్య వచ్చి ఉంటే అతను ఏం చెప్పేవాడు?

ఇదే అంకంలో ఫోకాకు కల్యాయెవ్ ఒక కథ చెబుతాడు. దిమిత్రి అనే సాధువు దేవుణ్ణి కలుసుకోవడానికి ఆదరాబాదరా పోతుంటే దారిలో ఒక రైతు బండి బురదలో కూరుకుపోయి కనిపిస్తుంది. సాధువు ఆగి, బండిని పైకి లాగడానికి సాయం పడతాడు. అది తెమిలేసరికి దేవుడు వెళ్లిపోయి ఉంటాడు. దారిలో బండ్లు మరీ ఎక్కువ కనుక దేవుణ్ణి ఎప్పటికీ కలుసుకోలేని వాళ్లుంటారని ఆ కథ భావం. అందమైన కథ. ప్రజాసేవ గురించి ఇంతకంటె మంచి ఉపమానం దొరకదు. అయితే ఈ కథ చెబుతున్నవాడు కొన్నాళ్ల క్రితమే ఒక బండివాడి చావుకు కారకుడయ్యాడు. ఈ వైరుధ్యం కల్యాయెవ్‌కు తోచదు. కామూకు కూడా తోచినట్లు కనిపించదు. తోచి ఉంటే నాటకం పేరు ముందు కనీసం ఒక ప్రశ్న మిగిలేది.

నాటకంలో లేని మనిషి మరొకడున్నాడు. ఆ దళానికి నాయకుడు యెవ్నో అజేఫ్. సెర్గేయ్ హత్యకు ముందే, 1904లో హోంమంత్రి ప్లేవే హత్యను నడిపించినవాడూ ఇతనే. 1893 నుంచి పోలీసు శాఖ దగ్గర జీతం తీసుకుంటున్నవాడూ ఇతనే. కొందరు మంత్రుల్ని చంపించాడు, ఎందరో విప్లవకారుల్ని పట్టించాడు. 1908లో బుర్త్సెవ్ అనే పాత్రికేయుడు రుజువులతో బయటపెట్టేదాకా ఎవరూ నమ్మలేదు. కామూకు ఈ సంగతి బాగా తెలుసు. స్తెపాన్ 'సంస్థ ఆజ్ఞ' అన్న మాటను వేదవాక్యంగా వాడతాడు. ఆ ఆజ్ఞ ఇచ్చే చోట అజేఫ్ కూర్చొని ఉన్నాడు! నలుగురు మూసిన తలుపుల వెనక కూర్చొని ఒకడి చావు నిర్ణయించినప్పుడు, ఆ తలుపు లోపలికి ప్రజలు రాలేరు. పోలీసు మాత్రం రాగలడు. న్యాయం ఎవరి పేరున జరుగుతోందో వాళ్లకు చెప్పకుండా జరిగే న్యాయానికి ఉన్న ప్రమాదం ఇది. ఈ ఒక్క పాత్రను వదిలేయడం వల్ల నాటకం పరిశుద్ధమైంది. చరిత్ర మాత్రం బయటే ఉండిపోయింది.

5

బండివాడి సంగతి ఒక్క మాస్కోలో, ఒక్కసారి జరిగిన పొరపాటు అనుకోవడానికి లేదు. 1880లో చక్రవర్తి భవనం కింద ఖల్తూరిన్ మందుగుండు పేల్చాడు. అతను స్వయంగా వడ్రంగం పని చేసిన కార్మికుడు. రెండవ అలెగ్జాండర్ భోజనానికి ఆలస్యంగా రావడంతో బతికిపోయాడు. కావలి సైనికులు పది మందికి పైగా చనిపోయారు. ఆ రహస్య సంస్థ సైనికుల చావుకు విచారం ప్రకటిస్తూనే, సైన్యం జారుకు కాపలా కాస్తున్నంత కాలం ఇది తప్పదన్నది. 1881లో అదే చక్రవర్తి మీద పడిన మొదటి బాంబు అతన్ని ఏమీ చేయలేదు. ఒక కొసాక్కు సైనికుణ్ణీ, దారినపోయే ఒక కుర్రవాణ్ణీ చంపింది. రెండవ బాంబుకు గాని చక్రవర్తి చావలేదు.

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. 1928 డిసెంబరు 17న లాహోరులో భగత్ సింగ్ మిత్రబృందం గురి పెట్టింది లాలా లజపతిరాయ్ మీద లాఠీచార్జీ చేయించిన స్కాట్ మీద. చనిపోయింది సాండర్స్ అనే మరో అధికారి. వెంటపడిన హెడ్ కానిస్టేబుల్ చనన్ సింగ్‌ను ఆజాద్ కాల్చాడు. ఒక మనిషి రక్తం చిందించవలసి వచ్చినందుకు విచారిస్తున్నామని ఆ సంస్థ గోడపత్రంలో రాసుకున్నది. ఆ విచారంలో కపటం లేదు. కాని భగత్ సింగ్ మీద మనం రాసిన పాటల్లో, నాటకాల్లో చనన్ సింగ్ ఎక్కడున్నాడు? నేను చూసినవాటిలో ఎక్కడా లేడు. ఆ భగత్ సింగే నాలుగు నెలల తర్వాత ఢిల్లీ శాసనసభలో బాంబులు వేసినప్పుడు ఎవరూ చావకుండా ఖాళీ చోటు చూసుకొని వేశాడు. 1931 ఫిబ్రవరిలో యువ కార్యకర్తలకు రాసిన లేఖలో బాంబుల దారిని కాదని రైతుల్ని, కార్మికుల్ని కదిలించే పని చేయండని చెప్పాడు. వీరుణ్ణి పూజించేవాళ్లు ఈ ఎదుగుదలను పట్టించుకోకపోవడం విచారకరం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. బండి తోలేవాడు, కావలి కాసేవాడు, లాఠీ పట్టేవాడు వీళ్లంతా ఆ యంత్రాంగంలో భాగమే కదా, వీళ్లు లేకపోతే నిరంకుశుడు ఒక్కరోజు నిలబడగలడా అని. నిజమే, నిలబడలేడు. ఆ మాటను నేనూ ఒప్పుకుంటాను. కాని దాని నుంచి వచ్చే ముగింపు వేరు. వాడు లేకపోతే బండి నడవదు గనక వాణ్ణి బండి దిగేలా చేయాలి. వాణ్ణి బండితో పాటు పేల్చితే, రేపు ఆ పీట మీదికి వాడి తమ్ముడు ఎక్కుతాడు. కడుపు కోసం ఎక్కుతాడు, ఈసారి మన మీద కసితో కూడా ఎక్కుతాడు.

1905వ సంవత్సరమే దీనికి సాక్ష్యం. ఫిబ్రవరిలో సెర్గేయ్ చచ్చాడు. ఆ ఏడాది చివర మాస్కో గవర్నరు జనరల్‌గా డుబాసోవ్ వచ్చి, డిసెంబరు తిరుగుబాటులో కార్మికుల పేట ప్రెస్న్యా మీద ఫిరంగులు పేల్చాడు. పీట ఖాళీగా లేదు. కాని ఈ రెంటి మధ్య అక్టోబరులో ఒకటి జరిగింది. మాస్కో-కజాన్ రైలు మార్గంలో పనివాళ్లు సమ్మె కట్టారు. రోజుల్లో అది దేశమంతా పాకింది. రైళ్లు తోలేవాళ్లు ఇంజన్లు దిగారు. పదిరోజులు తిరక్కుండానే, అక్టోబరు 17న, జారు పౌరహక్కుల ప్రకటన మీద సంతకం పెట్టవలసి వచ్చింది. ఆ ప్రకటన తర్వాత వట్టి కాగితమైంది, నిజమే. కాని ఏ బాంబూ జారు చేత అంతటి సంతకం పెట్టించలేదు. బండి తోలేవాళ్లు తమంత తాము దిగితే ఏమవుతుందో ఒక్కసారి రష్యా చూసింది. 1902లోనే లెనిన్ ఈ వ్యక్తిగత హింసా పద్ధతిని ఖండిస్తూ రాశాడు. అతని అన్న అలెగ్జాండరును 1887లో మూడవ అలెగ్జాండర్‌పై హత్యాప్రయత్నం కేసులో ఉరితీశారన్నది గుర్తుంటే, ఆ ఖండన వెనక ఉన్న బరువు తెలుస్తుంది.

మన విమర్శకులం ఎప్పుడూ ఇక్కడ ఆగిపోతాం. పద్ధతి తప్పు అని తేల్చేసి నైతిక ప్రశ్నను దాటవేస్తాం. ఆ అమ్మాయి పట్టుకున్న తప్పు ఇదే. పద్ధతి ఎందుకు తప్పు? ఫలితం రాదనా? ఫలితం వస్తే సరేనా? నా మటుకు పద్ధతి తప్పు కావడానికీ, నీతి తప్పడానికీ మూలం ఒకటే. రెండు చోట్లా బండివాణ్ణి మనిషిగా లెక్కపెట్టలేదు. ఉద్యమంలోకి రాగల మనిషిగా చూడలేదు గనక పద్ధతి తప్పింది. ప్రాణమున్న మనిషిగా చూడలేదు గనక నీతి తప్పింది.

6

అయితే బండివాడు దిగడానికి వీల్లేని కాలం వస్తే? సమ్మెకు సంఘం లేదు, మాటకు పత్రిక లేదు, నాయకులంతా నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు. అప్పుడేం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబివ్వకుండా పైమాటలతో సరిపెట్టుకుంటే నేను కూడా కామూలాగే నాకు అనుకూలమైన మనుషుల్నే నాటకంలో ఉంచుకున్నవాణ్ణవుతాను.

జర్మనీలో జార్జ్ ఎల్సర్ అనే వడ్రంగి ఉండేవాడు. 1939లో మ్యూనిక్ బీరుశాలలో ఎన్నో రాత్రులు దాక్కొని, వేదిక వెనక స్తంభాన్ని తొలిచి బాంబు అమర్చాడు. ఏ సంస్థా లేదు, ఎవరి ఆజ్ఞా లేదు. యుద్ధాన్ని ఆపాలన్నదే అతని ఉద్దేశం. నవంబరు 8న హిట్లర్ అనుకున్న దానికంటె ముందే ఉపన్యాసం ముగించి వెళ్లిపోయాడు. పదమూడు నిమిషాల తర్వాత బాంబు పేలింది. ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో ఒకామె అక్కడ వడ్డన పని చేసే స్త్రీ. ఎల్సర్‌ను యుద్ధం ముగుస్తుండగా, 1945 ఏప్రిల్‌లో, దాఖౌ శిబిరంలో చంపారు.

ఆ బాంబు పదమూడు నిమిషాల ముందు పేలి ఉంటే ఎన్ని లక్షల మంది బతికేవాళ్లో అని ఎవరికైనా అనిపిస్తుంది. ఎల్సర్‌ను నేరస్థుడు అనడానికి నాకు నోరు రాదు. అతని దేశంలో బండి దిగమని పిలవడానికి గొంతులు మిగల్లేదు. అయినా ఆ వడ్డించే స్త్రీ సంగతి ఏమిటని జర్మనీలో చాలా ఏళ్ల తర్వాత ఒక చర్చ లేచింది. లేవవలసిన చర్చే. కాని ఒక్కటి గమనించాలి. 1944 జులై 20న సైనికాధికారి స్టాఫెన్‌బర్గ్ పెట్టిన బాంబుకు చనిపోయిన నలుగురిలో ఒకడు స్టెనోగ్రాఫరు. అతని సంగతి ఆ స్థాయిలో చర్చకు వచ్చినట్లు నేను చూడలేదు. వడ్రంగిని నిలదీసినంత గట్టిగా కల్నల్‌ను నిలదీయరు. నైతిక ప్రశ్నలు కూడా మనిషి హోదా చూసి అడిగే లోకం ఇది.

మరి నా తీర్పు ఏమిటి? నిరంకుశుణ్ణి చంపడం అన్ని కాలాల్లోనూ పాపం అనే సూత్రాన్ని నేను ఒప్పుకోను. జనం కూడే దారులన్నీ మూసేసిన చోట, సామూహిక హత్యలు కళ్లెదుట జరుగుతున్న చోట, అది తప్పనిసరి కావచ్చు. కాని తప్పనిసరి అయినది న్యాయం అయిపోదు. 'న్యాయవంతుడు' అన్న బిరుదు తనకు తాను ఇచ్చుకునేది కాదు. ఉరికంబం ఎక్కినా అది రాదు. తన చావుతో తన మనసు శాంతించవచ్చు, రుదిన్‌కిన్ ఇంటి అప్పు తీరదు. ఆ అప్పు తీరలేదని ఒప్పుకుంటూ, అయినా చేయక తప్పలేదని తలవంచి చెప్పగలిగినవాడికి నేను చేయెత్తి నమస్కరిస్తాను. తలెత్తి న్యాయం చేశానన్నవాణ్ణి చూసి భయపడతాను.

7

ఈ ప్రశ్నను మరొక రకంగా నడిపించిన కళాఖండం ఒకటుంది. 1942లో ప్రేగ్ నగరంలో నాజీ పాలకుడు హైడ్రిక్‌ను చెకొస్లొవాక్ దేశభక్తులు చంపారు. ప్రతీకారంగా నాజీలు లిడిత్సె గ్రామాన్ని నేలమట్టం చేశారు. ఒక్క రోజునే అక్కడ 173 మంది మగవాళ్లను కాల్చి చంపారు. ప్రాణానికి ప్రాణం అన్న కామూ లెక్క ఇక్కడ పూర్తిగా కూలిపోతుంది. మూల్యం చెల్లించినవాళ్లు హంతకులు కారు, ఊరివాళ్లు. మరుసటి ఏడాదే అమెరికాలో బ్రెహ్ట్, ఫ్రిట్స్ లాంగ్ కలిసి అల్లిన కథతో 'హాంగ్‌మెన్ ఆల్సో డై' అన్న చిత్రం వచ్చింది. లిడిత్సె దానిలో లేదు. చరిత్రతో సరిపోనివి చాలా ఉన్నాయి. అయినా దాని నడక చూడండి. హైడ్రిక్‌ను చంపిన వైద్యుడు దాక్కున్నాడు. నాజీలు నగరంలోని పెద్దల్ని బందీలుగా పట్టుకొని రోజుకు కొందరిని కాల్చుతున్నారు. అతను లొంగిపోవాలా వద్దా? ఈ ప్రశ్న అతని ఒక్కడి అంతరాత్మలో తేలదు. తండ్రిని కాపాడుకోవడానికి అతన్ని పట్టించబోయిన యువతి ముందూ, బందీల ముందూ, వీధిలో జనం ముందూ నిలబడుతుంది. చివరకు నగరమంతా ఒక్కటై, ఒక దేశద్రోహినే హంతకుడిగా నాజీలకు అప్పగిస్తుంది.

ఆ ముగింపులో నాకు అభ్యంతరం ఉంది. అబద్ధపు సాక్ష్యంతో ఒకణ్ణి చంపించడాన్ని అంత ఉత్సాహంగా చూపించడం కూడా ప్రమాదమే. కాని ఒక తేడా మాత్రం స్పష్టం. కామూ గదిలో అయిదుగురున్నారు, కిటికీ బయట రష్యా ఉంది. బ్రెహ్ట్ కథలో నగరమే గది. మూల్యం చెల్లించేవాళ్లు కథలో మాట్లాడతారు. శిల్పపరంగా కామూ నాటకం బిగువైనది. చిత్రం అక్కడక్కడ వదులైనది. అయినా ప్రశ్నను ఎవరి ముందు పెట్టాలో తెలిసినది రెండవదే.

రచయితలకు చెప్పదలచింది ఇంతే. వీరుణ్ణి గురించి రాయండి, అతను మన గుండెల్లో మనిషి. నిరంకుశుణ్ణి గురించి రాయండి, వాణ్ణి గుర్తుపట్టడం అవసరం. వాళ్లిద్దరి మధ్య కళ్లాలు పట్టుకొని కూర్చున్న మూడవవాణ్ణి మాత్రం మరవకండి. మన పత్రికల్లో పేలుడు వార్త పడినప్పుడు అధికారి పేరు పెద్ద అక్షరాల్లో, డ్రైవరు పేరు ఆఖరి వాక్యంలో ఉంటుంది. సాహిత్యం ఆఖరి వాక్యం నుంచి మొదలుపెట్టవచ్చు.

నా పాత ప్రతిలో చివరి పేజీ మీద పెన్సిలు రాత ఇంకా ఉంది. అది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు గనక చెరపలేదు. దాని కింద రుదిన్‌కిన్ పేరు రాసి పెట్టాను. ఆ అమ్మాయి పేరు సభలో అడగడం మరిచిపోయాను. ఈ పత్రిక ఆమె చేతికి చేరితే బాగుండును.